కీమో జరుగుతుండగా రక్తం పల్చబడే మందు మార్చాలంటే: మా అమ్మకి జరిగింది చెప్తాను

మీ నాన్నగారికి పెద్దపేగు క్యాన్సర్‌కి కీమో జరుగుతోందని, కాల్లో రక్తం గడ్డకట్టిందని, రోజూ పొట్ట దగ్గర పొడిచే ఇంజక్షన్ మానేసి టాబ్లెట్‌కి మారచ్చా అని అడిగారు. నేను డాక్టర్‌ని కాదు. మా అమ్మకీ ఇదే జరిగింది కాబట్టి రాస్తున్నాను.

అమ్మకి చికిత్స చెన్నైలో. రెండు వారాలు కెపెసిటబిన్ అనే కీమో మాత్రలు, ఒక వారం విరామం, ఇదొక సైకిల్. మూడో సైకిల్ అయ్యాక నెల్లూరు వెళ్ళింది. అక్కడ ఎడమ పిక్క వాచి, ముట్టుకుంటే వేడిగా ఉంది. డాప్లర్ స్కాన్ తీసి రక్తం గడ్డ ఉందన్నారు. కొన్నాళ్ళు ఇంజక్షన్లు చేసి, రక్తం పల్చబడే వార్ఫరిన్ మాత్రలు రాశారు. కెపెసిటబిన్ సంగతి ఆ చీటీలో ఎక్కడా లేదు. మేమూ క్యాన్సర్ అని చెప్పామే గానీ మందు పేరు చెప్పలేదు.

చెన్నై తిరిగొచ్చాక నాలుగో సైకిల్ మొదలైంది. పదో రోజు పొద్దున పళ్ళు తోముకుంటుంటే నురగ ఎర్రగా వచ్చింది. "బ్రష్ గట్టిగా తగిలిందిలేవే" అంది అమ్మ. గాజులు వెనక్కి జరిపి చూస్తే ముంజేతి మీద అరచేయంత కమిలిన మచ్చ. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. రక్తం ఎంత పల్చబడిందో చెప్పే ఐఎన్‌ఆర్ పరీక్షలో 2కీ 3కీ మధ్య ఉండాల్సిన అంకె 8 దాటింది. వార్ఫరిన్ ఆపి, విటమిన్ కె ఇచ్చి, ఆ రాత్రి అక్కడే ఉంచారు. ఆ రాత్రి టెన్షన్ ఎవరికీ వద్దు.

తర్వాత డాక్టర్ గారు చెప్పింది ఇది. వార్ఫరిన్‌ని లివర్ కరిగించి బయటికి పంపాలి, ఆ పనిని కెపెసిటబిన్ అడ్డుకుంటుంది. దాంతో మందు ఒంట్లో పేరుకుపోతుంది. ఇది కొన్ని రోజుల్లో బయటపడచ్చు, కొన్ని నెలలకీ బయటపడచ్చు, కీమో ఆపిన నెలలోపు కూడా రావచ్చు. గోంగూర మానేయమని చుట్టాలు చెప్పారు గానీ, అసలు ప్రమాదం మాత్రల డబ్బాలోనే ఉంది.

అమ్మని మళ్ళీ రక్తం పల్చబడే ఎనాక్సాపారిన్ ఇంజక్షన్ మీదే పెట్టారు. దానికి వేరే మందులతో ఇలాంటి గొడవ తక్కువ. అయితే అది కిడ్నీల ద్వారా పోతుంది కాబట్టి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూస్తూ ఉండాలి.

ఇప్పుడు చాలామందికి రక్తం పల్చబడే అపిక్సబాన్, రివరోక్సబాన్ టాబ్లెట్లు రాస్తున్నారు. వార్ఫరిన్ కంటే నయమే, కానీ వీటికీ పడని మందులున్నాయి. ఇట్రాకొనజోల్ లాంటి ఫంగస్ మందులు వీటి ప్రభావాన్ని పెంచి రక్తస్రావం తెప్పించగలవు. ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్, టీబీకి వాడే రిఫాంపిసిన్ తగ్గించేస్తాయి, అప్పుడు మళ్ళీ గడ్డ కట్టచ్చు. రివరోక్సబాన్ 15, 20 మి.గ్రా. మాత్రలు అన్నంతోనే వేసుకోవాలి. కీమో వాంతులతో తిండే సహించని మనిషికి అది చిన్న విషయం కాదు. నాన్నగారి పేగులో క్యాన్సర్ గడ్డ తీసేశారా, ఇంకా ఉందా అన్నది కూడా అడగండి. ఉంటే ఈ టాబ్లెట్లతో అక్కడ రక్తస్రావం భయం ఎక్కువ. ప్లేట్‌లెట్లు 50,000 కంటే తగ్గితే ఏ మందైనా డోసు మళ్ళీ ఆలోచించాల్సిందే. మోకాళ్ళ నొప్పికని మెడికల్ షాపులో డైక్లోఫినాక్ కొనుక్కునే అలవాటుంటే దయచేసి ఆపించండి, దానితోనూ రక్తస్రావం భయం ఎక్కువ.

ఆ రోజు నుంచి అమ్మ మందులన్నీ ఒక అట్టముక్క మీద రాసి, ఏ డాక్టర్ దగ్గరికెళ్ళినా ముందు అదే ఇస్తున్నాను. మీరు వచ్చే సైకిల్‌కి వెళ్ళేటప్పుడు నాన్నగారు వాడే ప్రతి స్ట్రిప్పూ, ఆయుర్వేదం మందులుంటే అవి కూడా, సంచిలో వేసుకెళ్ళండి. క్యాన్సర్ డాక్టర్ గారు చూసి మార్చమనేదాకా ఇంజక్షన్ ఒక్క పూట కూడా ఆపకండి.