అమ్ములుకి, అడవి పని గురించి పెద్దమ్మ రాసేది

అమ్ములూ,

నీ మెసేజ్ మొన్న రాత్రే చూశా, రెండు ముక్కలు టైప్ చేసి మళ్ళీ చెరిపేశా, ఇది రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని. బీజెడ్‌సీ అయిపోయింది, మీ అమ్మేమో బీఈడీ అంటోంది, మీ నాన్నేమో బ్యాంకు కోచింగ్ అంటున్నాడు, నువ్వేమో "పెద్దమ్మా నీలాగా వైల్డ్‌లైఫ్ లోకి వస్తా, ఏం చెయ్యాలో చెప్పు" అన్నావు. మీ అమ్మతో నేను మాట్లాడతాలే, నా చెల్లెలేగా, వింటుంది. కానీ ముందు నువ్వు ఇది మొత్తం చదువు, మధ్యలో వదిలెయ్యకు.

మొదట పులి సంగతి చెప్పేస్తా, ఎందుకంటే నువ్వు పంపిన మూడు వీడియోలూ పులులవే. ఇన్నేళ్ళలో నల్లమలలో నేను పులిని కళ్ళారా చూసింది వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. దాని అడుగులు చూశా, పెంట ఏరా, చెట్టుకి గీరిన గోళ్ళ గుర్తులు కొలిచా, కెమెరా ట్రాప్ (ముందు నుంచి ఏదైనా పోతే దానంతటదే ఫోటో తీసే కెమెరా) ఫోటోల్లో వేలసార్లు చూశా. ఆ కెమెరా పని గురించి కూడా విను. పులి చారలు మన వేలిముద్రల్లాంటివి, ఏ రెండు పులులకీ ఒకేలా ఉండవు, పైగా ఒకే పులికి ఎడం పక్క చారలు వేరు కుడి పక్క చారలు వేరు, అందుకే దారికి అటొకటి ఇటొకటి కెమెరాలు కడతాం, మోకాలి ఎత్తులో, అదీ సరిగ్గా ఎదురెదురుగా కాకుండా కొంచెం పక్కకి జరిపి, లేకపోతే దీని ఫ్లాష్ దాని ఫోటోని పాడుచేస్తుంది. కెమెరా ముందు గడ్డి పీకడం మర్చిపోయావనుకో, ఎండకి వేడెక్కిన గడ్డి గాలికి ఊగినప్పుడల్లా అది ఫోటో తీస్తూ కూర్చుంటుంది, నువ్వు పది కిలోమీటర్లు నడిచి వెళ్ళి కార్డు తీస్తే నిండా గడ్డే ఉంటుంది. ఆ తర్వాత నెలల తరబడి గదిలో కూర్చుని ఫోటోలు ఒక్కోటీ చూసి ఇది ఆవు, ఇది ముళ్ళపంది, ఇది మనిషి అని రాయాలి. దేశంలో పులులు 2006 లెక్కలో 1,411, 2022 లెక్కలో 3,682 అని పేపర్లో ఒక్క లైన్లో వస్తుంది కదా, ఆ ఒక్క లైను వెనక ఉన్న పని ఇది. నీకు ఈ పని బోరు కొట్టదు అనిపిస్తేనే మిగతాది చదువు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ. నేను ఈ పనిలో నేర్చుకున్నదంతా దీన్లోనే ఉంది. కలివికోడి పేరు వినే ఉంటావు, మన కడప జిల్లా పిట్ట, ఇంగ్లీషులో జెర్డాన్స్ కోర్సర్ అంటారు. 1848 ప్రాంతంలో జెర్డాన్ అనే డాక్టరు దాని గురించి రాశాడు, 1900లో చివరిసారి కనపడింది, ఆ తర్వాత ఎనభై ఏళ్ళకి పైగా ఎవరికీ కనపడలేదు, పుస్తకాల్లో అంతరించిపోయిందేమో అని రాసేశారు. పెద్ద పెద్ద వాళ్ళు వచ్చి వెతికి వెళ్ళిపోయారు. 1980ల్లో బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ నుంచి భరత్ భూషణ్ అనే ఆయన వచ్చి, ఊరూరా తిరిగి పిట్ట బొమ్మ చూపించి అడిగాడు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే ఆయన, పిట్టలు పట్టుకునే మనిషి, రాత్రి పూట లైటు వేసుకుని పోయి దాన్ని ప్రాణాలతో పట్టుకొచ్చాడు. ఆ పిట్ట రాత్రి తిరిగేది అమ్ములూ! పగలు ఎంత వెతికినా ఏం దొరుకుతుంది? ఇంకో మాట చెప్పనా, అది ఎక్కడుంటుందో దాని పేరులోనే ఉంది, కలివి పొదల్లో తిరిగే కోడి. మనోళ్ళు పేరుతోనే అడ్రసు చెప్పేశారు, అడిగిన వాళ్ళే లేరు.

ఆ పట్టిన పిట్ట పాపం బతకలేదు, ముంబైలో మ్యూజియంలో ఉంది. కానీ దాని పుణ్యాన 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. తర్వాత పరిశోధన చేసిన వాళ్ళు దాన్ని వెంటపడి తరమలేదు, పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి తెల్లారి పోయి అడుగులు పడ్డాయా అని చూశారు, సాయంత్రం మసక పడే వేళ దాని కూత కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నారు, కెమెరాలు పెట్టారు. ఆ అడుగుల లెక్కలే తెలుగుగంగ కాలువ ఆ పొదల మీదుగా పోకుండా దారి మార్చడానికి పనికొచ్చాయి. మట్టిలో పడ్డ పిట్ట అడుగులు కాలువ దారి మార్చాయంటే ఎంత గొప్ప సంగతో చూడు, నాకు ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు పులకరిస్తుంది.

అందుకే నీకు నేను చెప్పే పెద్ద సలహా ఒకటే, ఏ అడవికి పోయినా ముందు అక్కడి ఐతన్నని వెతుక్కో. చెంచు ట్రాకర్ కావచ్చు, మేకలు కాసే తాత కావచ్చు, తేనె తీసే వాళ్ళు కావచ్చు. వాళ్ళతో పాటు నడువు, నోరు మూసుకుని నడువు, నీకు తెలిసిన సైంటిఫిక్ పేర్లు వాళ్ళ ముందు వల్లించకు. వాళ్ళు చెప్పింది అదే రోజు రాత్రి రాసుకో, రేపు రాద్దాంలే అనుకుంటే సగం పోతుంది, పెన్నుతో కాదు పెన్సిల్‌తో, వానకి ఇంకు కారిపోతుంది. ఎవరు చెప్పారో వాళ్ళ పేరు కూడా రాసుకో, రేపు పేపర్ రాసినప్పుడు ఆ పేరు అందులో ఉండాలి.

నేను ఈ విషయంలో తప్పు చేశా, అది నీకు చెప్పి తీరాలి. కొత్తలో, నాకు ఇరవై ఐదేళ్ళప్పుడు, కలివికోడి తిరిగే ఒక చిట్టడవి మీద రిపోర్టు రాస్తూ "మేకల మేత వల్ల అడవి నాశనమవుతోంది, పూర్తిగా ఆపాలి" అని ఒక్క పేరాలో తేల్చేశా. మేకలు తోలే వాళ్ళలో ఒక్కర్ని కూడా అడగలేదు. ఆ మాట ఎలా చేరిందో ఊళ్ళోకి చేరింది. అప్పటిదాకా నాకు రోజూ మజ్జిగ పోసిన పెద్దాయన "ఏమ్మా, మేకలు తోలితే అడవి పోతాదని రాసినావంట గదా, మరి మా తాతల కాడ్నుంచి తోల్తానే ఉండాము గదా, పిట్ట యాడికీ పోలేదే" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. తర్వాత తెలిసిందేంటంటే కలివికోడికి పొదలు మరీ దట్టంగా అల్లుకుపోయినా పనికిరాదు, మరీ బోడిగా ఉన్నా పనికిరాదు, మధ్యమధ్యలో ఖాళీ నేల ఉండాలి, అంటే మేకలు ఎన్ని, ఎక్కడ, ఎప్పుడు అన్నదే అసలు ప్రశ్న. నేను ఆ ప్రశ్న అడక్కుండానే జవాబు రాసేశా. ఆ పెద్దాయన మళ్ళీ నాతో మామూలుగా మాట్లాడటానికి రెండేళ్ళు పట్టింది, ఆ రెండేళ్ళూ నేను అక్కడే ఉన్నా కాబట్టి మాట్లాడాడు, ప్రాజెక్టు అయిపోగానే వెళ్ళిపోయి ఉంటే ఆ ఊరికి నేను ఎప్పటికీ అబద్ధాలు రాసిన పిల్లనే. కాబట్టి ఒక చోట కుదురుగా ఉండు. ఆర్నెల్లు కాజీరంగా, ఆర్నెల్లు అండమాన్ అని తిరిగితే ఫోటోలు బాగుంటాయి కానీ ఏ ఊరి మనసూ నీకు తెలీదు.

సరే ఇక దారులు. రీసెర్చ్ వైపు అయితే డెహ్రాడూన్ లో వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, బెంగళూరులో ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ, ఈ రెండు చోట్లా ఎమ్మెస్సీ ఉంది, ఎంట్రన్స్ రాయాలి, సీట్లు చాలా తక్కువ, మొదటిసారి రాకపోతే ఏడవకు. కోయంబత్తూరులో సలీం అలీ సెంటర్ ఉంది, పక్షుల మీద పని ఎక్కువ. హైదరాబాద్ లోనే సీసీఎంబీ వాళ్ళ లాకోన్స్ అని అంతరించిపోతున్న జంతువుల మీద పనిచేసే ల్యాబ్ ఉంది, అక్కడ డీఎన్ఏ పని, పెంట నుంచి జంతువేదో పట్టడం లాంటివి, నీకు ల్యాబ్ ఇష్టమైతే అదీ చూడు. నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (రీసెర్చ్ చేసే వాళ్ళకిచ్చే ఫెలోషిప్) కి క్వాలిఫై అయితే నెలకి 37,000, మీ నాన్నకి ఆ నంబరు చెప్పు కొంచెం శాంతిస్తాడు.

గవర్నమెంటు వైపు అయితే ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ నుంచి రేంజ్ ఆఫీసర్ దాకా మన సర్వీస్ కమిషన్ నోటిఫికేషన్లు, పైన ఐఎఫ్‌ఎస్ కి, అంటే ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ కి, యూపీఎస్సీ. బీట్ ఆఫీసర్ కి నడక పరీక్ష ఉంటుంది, ఆడవాళ్ళకి 4 గంటల్లో 16 కిలోమీటర్లు, మగవాళ్ళకి 25. రాత పరీక్షలో మంచి మార్కులొచ్చి నడకలో పోయిన పిల్లల్ని చూశా, ఇప్పట్నుంచే రోజూ నడువు. ఈ ఉద్యోగం గురించి చాలామంది చిన్నచూపు చూస్తారు, నేను మాత్రం చెప్తున్నా, అడవిని నిజంగా కాపాడేది బీట్ ఆఫీసరూ, బేస్ క్యాంపుల్లో ఉండే వాచర్లూ, నల్లమలలో అయితే చెంచులు. నిప్పంటుకుంటే కొమ్మలు పట్టుకుని కొట్టేది వాళ్ళే, ఉచ్చులు ఏరేది వాళ్ళే, కలప దొంగలకి ఎదురెళ్ళేది వాళ్ళే. ప్రాణాలు పోయిన వాళ్ళున్నారు. సెప్టెంబర్ 11న అటవీ అమరవీరుల దినం అని ఒకటుంది, ఆ రోజు ఎవరైనా పాత బీట్ ఆఫీసర్ పక్కన కూర్చో, ఆయన చెప్పేది విను.

ఎన్జీవో ఉద్యోగాల గురించి జాగ్రత్తగా చెప్తా. మంచివి ఉన్నాయి, మంచి మనుషులున్నారు, కానీ దాదాపు అన్నీ కాంట్రాక్టే, పదకొండు నెలలు, ఏడాది, ఫండింగ్ ఎంతవరకో అంతవరకు. నేను పనిచేసిన ఒక చోట, పేరు అనవసరం, ఫండింగ్ ఆగిపోయిందని శుక్రవారం మెయిల్ వచ్చింది, సోమవారం నుంచి పని లేదు. నాకు డిగ్రీ ఉంది, ఇంకో చోట దొరికింది. నాతో ఏడేళ్ళు నడిచిన ఐదుగురు ఊరి అసిస్టెంట్లకి? వాళ్ళలో ఒకతను "అమ్మా, మరి రేపట్నుంచి రావద్దా" అని అడిగాడు, ఆ గొంతు నాకు ఇంకా వినపడుతూనే ఉంటుంది. అప్పట్నుంచి నేను ఏ ప్రపోజల్ రాసినా ముందు రాసే లైను అసిస్టెంట్ల జీతం, వాళ్ళ ఇన్సూరెన్స్, చివర్లో మూడు నెలల నోటీసు డబ్బు, ఆ తర్వాతే కెమెరాలు, జీపు. రేపు నువ్వు ప్రాజెక్టు నడిపే స్థాయికి వస్తావు కదా, అప్పుడు ఇది గుర్తుపెట్టుకో తల్లీ. నీ సంగతికొస్తే, ఆర్నెల్ల ఖర్చు బ్యాంకులో లేకుండా ఎప్పుడూ ఉండకు, కాంట్రాక్టు కాగితం చేతికి రాకుండా బస్సెక్కకు.

ఆడపిల్లవి కాబట్టి ఇంకొన్ని. చేరే ముందే సిగ్గుపడకుండా అడుగు, క్యాంపులో బాత్రూం ఉందా, గదికి లోపల గడియ ఉందా, ఫోన్ సిగ్నల్ ఎంత దూరంలో దొరుకుతుంది, నాతో పాటు ఇంకో అమ్మాయి ఉందా, లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే ఇంటర్నల్ కమిటీలో ఎవరున్నారు. పది మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ పనిచేసే చోట ఆ కమిటీ ఉండాలని 2013 చట్టమే చెప్తోంది. ఇవి అడిగితే "ఈ అమ్మాయి ఫీల్డుకి పనికిరాదు" అనే వాళ్ళు ఉంటారు, అలాంటి చోటికి నువ్వే పోవద్దు. మా రోజుల్లో మేము ఇవేవీ అడగలేదు, అడిగితే అవకాశం పోతుందేమో అని భయం, ఆ భయం వల్ల పడ్డ కష్టాలు నీకెందుకు. నెలసరి రోజుల్లో పదిహేను కిలోమీటర్లు నడవలేకపోతే నడవలేను అని చెప్పు, ఆ రోజు డేటా ఎంట్రీ చెయ్యి, అందులో తప్పేం లేదు.

పెళ్ళి గురించి మీ అమ్మ అడుగుతుంది, నన్నూ అడిగారు. నీకు ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఎవరైనా సరే నెలకి ఇరవై రోజులు నువ్వు ఇంట్లో ఉండవు అని ముందే తెలిసి ఒప్పుకున్న వాడై ఉండాలి, అంతే.

చెయ్యకూడనివి కూడా రెండున్నాయి. పాముల్ని పట్టుకుని వీడియోలు తియ్యకు, అది కన్జర్వేషన్ కాదు, ప్రాణం మీదకి తెచ్చుకోవడం. పులి ఫలానా చోట కనపడింది, గుడ్లగూబ ఫలానా చెట్టు మీద గూడు పెట్టింది అని లొకేషన్ పెట్టకు, మనకంటే ముందు వేటగాడు చూస్తాడు.

ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఏం చెయ్యొచ్చు అంటావా? ఈబర్డ్ యాప్ వేసుకో, మీ ఊరి చెరువు దగ్గరికి వారంలో రెండు రోజులు ఒకే టైముకి పో, పావుగంట నిలబడి కనపడిన ప్రతి పిట్టనీ లెక్కపెట్టి ఎక్కించు. ఏడాది పాటు ఒకే చెరువు. వెళ్ళిన ప్రతిసారీ అవే కొంగలు, అవే నీటికోళ్ళు కదా అని విసుగొస్తుంది, అప్పుడే కొత్తది కనపడుతుంది. క్యూజీఐఎస్ అని మ్యాపుల సాఫ్ట్‌వేర్ ఫ్రీగా దొరుకుతుంది, నేర్చుకో, అది వచ్చిన వాళ్ళకి ఉద్యోగం తొందరగా దొరుకుతోంది. ఇంగ్లీషులో రాయడం ప్రాక్టీస్ చెయ్యి, గ్రాంట్లు అన్నీ అందులోనే రాయాలి, అయితే ప్రతి రిపోర్టుకీ తెలుగులో రెండు పేజీలు రాసి ఆ ఊళ్ళోనే చదివి వినిపించు, తప్పులుంటే అక్కడే దిద్దుతారు.

జనవరిలో నీటి పక్షుల లెక్క ఉంటుంది, ఈసారి నేను నేలపట్టు పోతున్నా, గూడబాతులు గూళ్ళు కట్టుకుని ఉంటాయి. నువ్వూ రా. సూళ్ళూరుపేట బస్టాండ్ లో తెల్లారి ఐదింటికల్లా ఉండాలి, ముదురాకుపచ్చ లేదా మట్టి రంగు బట్టలు తెచ్చుకో, ఎరుపు వద్దు, సెంటు కొట్టుకోవద్దు, పాత బూట్లే వేసుకో కొత్తవి కరుస్తాయి. బైనాక్యులర్ నా దగ్గర రెండోది ఉంది. మీ అమ్మకి వీలైతే తనని కూడా తీసుకురా, నేను చేసే పని తను ఒక్కసారి కూడా చూడలేదు.

మీ పెద్దమ్మ