విచారణ అయింది సరే, రికార్డు ఏదీ?

రమణ గారూ, ముసాయిదా అభివృద్ధి ప్రణాళికలో మీ ఇంటి మీదుగా రోడ్డు గీశారని అభ్యంతరం ఇచ్చారు, విచారణకూ వెళ్లారు. ఇప్పుడు చంద్రపూర్ జిల్లాలోని మీ పురపాలక కార్యాలయంలో దాని జాడ చెప్పేవారే లేరన్నారు. ముందు మీ దగ్గరున్న నకలు తీసి చూడండి. కార్యాలయం ముద్ర, తేదీ, ఆవక్ నంబరు (కార్యాలయానికి అందిన కాగితానికి వేసే నంబరు) ఉంటే సగం పని అయినట్టే.

తేదీ ఎందుకంటే, 1966 నాటి మహారాష్ట్ర ప్రాంతీయ, పట్టణ ప్రణాళిక చట్టం 26వ సెక్షన్ ప్రకారం గెజిట్ ప్రకటన వెలువడిన 30 రోజుల్లోగా అభ్యంతరం అందాలి. 28వ సెక్షన్ కింద ప్రణాళికా సంఘం మీ మాట విని నివేదిక ఇవ్వాలి. మీకు కావలసింది ఆ నివేదిక. గుమస్తా నోటిమాట దేనికీ పనికిరాదు.

10 రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. తెలుగులో రాస్తే చెల్లదు, మరాఠీ తెలిసిన పిల్లల చేత రాయించండి. 'వివరాలు ఇవ్వండి' అని గుండుగుత్తగా అడగవద్దు, తప్పించుకుంటారు. మీ అభ్యంతరం నంబరు వేసి, ఆవక్ రిజిస్టరులోని ఆ పేజీ, విచారణ నాటి హాజరు పట్టిక, నివేదికలో మీ అభ్యంతరంపై రాసిన భాగం, వీటి నకళ్లు అడగండి. ప్రణాళికను ప్రభుత్వ మంజూరుకు పంపారా అన్నదీ అందులోనే చేర్చండి. మీ ఇంటి సంగతి, ఆలస్యం వద్దు. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆపై 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయండి.