కన్సోల్ ఫాంట్‌లో ₹ గుర్తు, తెలుగు పదాలు: ట్రూప్ బజార్ షాపులో నేను చేసిన పద్ధతి

మీరు అడిగినవి రెండు. లినక్స్ బిల్లింగ్ టెర్మినల్‌లో ₹ రావాల్సిన చోట ప్రశ్నార్థకం వస్తోంది, ఫాంట్ ఫైల్‌ని దిద్దితే సరిపోతుందా అని ఒకటి. అదే ఫాంట్‌లో తెలుగు అక్షరాలు కూడా పెట్టుకోవచ్చా అని రెండోది. మొదటిదానికి సరిపోతుంది, ఒక సాయంత్రం పని. రెండోది మీరు అనుకుంటున్న పద్ధతిలో కుదరదు, కానీ వేరే దారి ఉంది. రెండూ చేసి చూశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మా పెదనాన్నకి ట్రూప్ బజార్‌లో ఎలక్ట్రికల్ సామాన్ల షాపు ఉంది. బిల్లింగ్ అంతా ఒక డెబియన్ లినక్స్ మెషీన్ మీద, గ్రాఫిక్స్ లేకుండా నల్ల తెర మీదే నడుస్తుంది. కౌంటర్‌లో కూర్చునే గుమాస్తా గారికి అరవై దాటాయి. పార్క్‌లేన్ సీటీసీలో కొత్త మానిటర్ కొని తెచ్చి పెట్టాక ఆయనకి కష్టం మొదలైంది. 1920 బై 1080 తెర మీద 8 బై 16 ఫాంట్ అంటే అడ్డంగా 240 అక్షరాలు, నిలువుగా 67 లైన్లు. చీమల బారులా ఉండేది. ఒకరోజు 2,830 రూపాయల వైర్ల బిల్లుని ఆయన 2,880 అని చదివి చెప్పారు. వచ్చినాయన పాత కస్టమర్ కాబట్టి ఏమీ అనలేదు గానీ, గుమాస్తా గారు మాత్రం ఆ రోజంతా టెన్షన్‌గా ఉన్నారు. నేను మొదట ఫాంట్ జోలికి వెళ్లింది ఆ 3 కోసమే. ₹ తర్వాత వచ్చింది.

ఈ ఫాంట్ ఫైల్ లోపల ఏముందో తెలిస్తే భయం పోతుంది. లినక్స్ కన్సోల్ (గ్రాఫిక్స్ లేని ఆ నల్ల తెర) వాడేది పీఎస్ఎఫ్ అనే ఫార్మాట్. అందులో రెండు రకాలున్నాయి. పీఎస్ఎఫ్1లో అక్షరం వెడల్పు ఎప్పుడూ 8 చుక్కలే, గ్లిఫ్‌లు, అంటే అక్షరాల బొమ్మలు, 256 గానీ 512 గానీ. పీఎస్ఎఫ్2లో వెడల్పు, ఎత్తు మన ఇష్టం. 8 బై 16 అక్షరంలో ఒక్కో అడ్డ వరుస ఒక్కో బైట్, కాబట్టి ఒక అక్షరానికి 16 బైట్లు, 256 అక్షరాలకి 4,096 బైట్లు. అంతే. దాని వెనకాల యూనికోడ్ పట్టిక ఉంటుంది: ఫలానా కోడ్ వస్తే ఫలానా గ్లిఫ్ చూపించు అని చెప్పేది. ఈ పట్టికని మర్చిపోయే చాలామంది దెబ్బతింటారు. నేనూ మొదటిసారి ₹ బొమ్మ చక్కగా గీసి, లోడ్ చేసి, మళ్లీ ప్రశ్నార్థకమే చూశాను. బొమ్మ ఫాంట్‌లో ఉంది, దానికి కోడ్ రాయలేదు.

పని ఇలా చేయండి. యూఎస్ఆర్‌లో షేర్ కింద కన్సోల్‌ఫాంట్స్ ఫోల్డర్‌లో ఫాంట్‌లు జీజిప్‌తో కుదించి ఉంటాయి. ఒకటి మీ హోమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసి విప్పండి, అసలు ఫైల్‌ని ముట్టుకోవద్దు. పీఎస్ఎఫ్‌టూల్స్ ప్యాకేజీలో పీఎస్ఎఫ్2టీఎక్స్‌టీ అనే ప్రోగ్రామ్ ఉంటుంది. అది ఫాంట్ మొత్తాన్ని మామూలు టెక్స్ట్ ఫైల్‌గా మారుస్తుంది. వెలిగే చుక్కకి #, ఆరిన చుక్కకి గీత. ఏ ఎడిటర్‌లోనైనా దిద్దుకోవచ్చు. అయిపోయాక టీఎక్స్‌టీ2పీఎస్ఎఫ్‌తో తిరిగి ఫాంట్‌గా మార్చాలి.

ఇప్పుడు ₹. కేంద్ర ప్రభుత్వం దీన్ని 2010 జులై 15న ఆమోదించింది, అదే ఏడాది అక్టోబర్‌లో యూనికోడ్ 6.0లో చేరింది. దాని కోడ్ హెక్సాడెసిమల్‌లో 20బి9, మామూలు లెక్కలో 8377. అంతకుముందు తయారైన ఫాంట్‌లో ఇది ఉండే అవకాశమే లేదు. డి. ఉదయ కుమార్ గారి డిజైన్‌లో పైన రెండు అడ్డగీతలు, వాటి మధ్య ఖాళీ ముఖ్యం. చిన్న గడిలో ఆ ఖాళీ మూసుకుపోతే అది ఏ గుర్తో ఎవరికీ తెలియదు. నేను కోఠీలో కొన్న గ్రాఫ్ నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో ఏడెనిమిది రకాలు గీసి, చివరికి ఇది ఉంచాను. పైన రెండు, కింద నాలుగు ఖాళీ వరుసలు వదలండి:

#######-
---##---
----##--
#######-
----##--
#####---
-##-----
--##----
---##---
----##--

కుడి వైపు చివరి నిలువు వరుస ఖాళీగా ఉండటం చూడండి. అది లేకపోతే పక్కన వచ్చే అంకెకి అంటుకుపోతుంది.

దీన్ని ఎక్కడ పెట్టాలంటే, మీకు పనికిరాని గ్లిఫ్ స్థానంలో. నేను యెన్ గుర్తు ¥ తీసేశాను, ట్రూప్ బజార్‌లో యెన్‌తో పనిలేదు. ఆ గ్లిఫ్ కింద యూనికోడ్ అని ఉన్న లైన్‌లో పాత కోడ్ కొట్టేసి 20బి9 రాయండి. గ్లిఫ్‌ల సంఖ్యని 256 నుంచి 512కి పెంచితే ఇంకా చోటు దొరుకుతుంది గానీ, పాత విజిఏ టెక్స్ట్ మోడ్‌లో (గ్రాఫిక్స్ కార్డే నేరుగా అక్షరాలు చూపించే పాత పద్ధతి) దానికి ఒక ధర ఉంది. రంగు చెప్పే బిట్లలో ఒకటి ఫాంట్‌కి వెళ్లిపోతుంది, 16 అక్షరపు రంగుల్లో 8 మాత్రమే మిగులుతాయి. మీ ప్రోగ్రామ్ బాకీలని వెలుగు ఎరుపులో చూపిస్తుంటే ఇది తెలిసి చేయండి.

పరీక్షించేటప్పుడు కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి నిజమైన కన్సోల్‌కి వెళ్లండి. కన్సోల్ ఫాంట్ మార్చే సెట్‌ఫాంట్ కమాండ్ డెస్క్‌టాప్ టెర్మినల్ విండోలో పనిచేయదు. ముందుగా సెట్‌ఫాంట్‌కి పెద్ద ఓ ఆప్షన్ ఇచ్చి ఇప్పుడున్న ఫాంట్‌ని పట్టికతో సహా ఒక ఫైల్‌లో దాచుకోండి. ఆ తర్వాత కొత్తది లోడ్ చేసి షోకన్సోల్‌ఫాంట్ కొడితే గ్లిఫ్‌లన్నీ వరుసగా కనిపిస్తాయి. అక్కడ ₹ కనిపించి, ప్రోగ్రామ్‌లో కనిపించకపోతే తప్పు పట్టికలో ఉంది, లేదా మీ లొకేల్ (సిస్టమ్ భాష, అక్షరాల సెట్టింగ్) యూటీఎఫ్-8 అనే యూనికోడ్ పద్ధతిలో లేదు. బూట్ అయిన ప్రతిసారీ అదే రావాలంటే ఈటీసీలో డిఫాల్ట్ కింద కన్సోల్-సెటప్ ఫైల్‌లో ఫాంట్ అనే వేరియబుల్‌కి మీ ఫైల్ పూర్తి దారి ఇవ్వండి.

అంకెల సంగతి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. బిల్లింగ్ తెరకి ₹ కంటే అంకెలే ప్రాణం. మామూలు ఫాంట్‌లలో 3 ఎడమ కొనలు లోపలికి వంగి ఉంటాయి, కాస్త దూరం నుంచి చూస్తే మూసుకుపోయి 8 అయిపోతుంది. నేను 3 పైభాగాన్ని వంపు తీసేసి తిన్నని గీతగా మార్చాను, దాని కింద ఏటవాలు గీత. ఎడమ పక్క పూర్తిగా తెరిచి ఉంచాను. సున్నాలో ఉండే అడ్డగీత కూడా తీసేశాను. ప్రోగ్రామ్‌లు రాసేవాళ్లకి సున్నాకీ ఇంగ్లిష్ ఓకీ తేడా తెలియాలి, అందుకే ఆ గీత. బిల్లులో ఆ అవసరం చాలా తక్కువ, ఆ గీత వల్ల సున్నా కూడా 8లా కనిపించడం ఎక్కువ. ఫాంట్ సైజు కూడా 16 బై 32కి మార్చాను, టెర్మినస్ అనే కన్సోల్ ఫాంట్‌లో ఆ సైజు సిద్ధంగా దొరుకుతుంది. అదే మానిటర్ మీద 120 అక్షరాలు, 33 లైన్లు వస్తాయి. కౌంటర్‌కి అది చాలు. మీరూ సైజు మారిస్తే పైన గీసిన ₹ ని ఊరికే రెట్టింపు చేయకండి, ఏటవాలు గీత మెట్లుమెట్లుగా వస్తుంది. మళ్లీ గీయండి.

ఇక తెలుగు. యూనికోడ్‌లో తెలుగుకి 128 స్థానాలు కేటాయించారు, 512లో తేలిగ్గా పడతాయి కదా అనిపిస్తుంది. నేనూ అలాగే అనుకుని ఒక ఆదివారం అ నుంచి మొదలుపెట్టాను. కన్సోల్ ఒక కోడ్‌కి ఒక గడి చొప్పున వరుసగా పేరుస్తూ పోతుంది. క పక్కన గుడి వస్తే రెండూ కలిసి కి అవ్వాలని దానికి తెలియదు. క ఒక గడిలో, గుడి పక్క గడిలో విడిగా కూర్చుంటాయి. ఒత్తులు కిందికి వెళ్లవు. పోనీ గుణింతాలన్నీ విడివిడి గ్లిఫ్‌లుగా గీద్దామంటే, 35 హల్లులకి 14 చొప్పున వేసుకున్నా 490 అవుతాయి. ఇంకా ఒత్తులు రాలేదు, ఇంగ్లిష్ అక్షరాలకి చోటు లేదు. డాస్ రోజుల్లో ఈ పనికోసమే ఐఐటీ కాన్పూర్‌లో పుట్టి సీ-డాక్ అనే ప్రభుత్వ సంస్థ ద్వారా వచ్చిన, భారతీయ లిపులు చూపించే జిస్ట్ కార్డుని కంప్యూటర్‌లో విడిగా బిగించాల్సి వచ్చింది. అంత సరంజామా ఎందుకు కావాల్సి వచ్చిందో ఆ ఆదివారం నాకు అర్థమైంది.

మరి దారి ఏమిటంటే, మీకు తెలుగులో ఏది కావాలో చూసుకోండి. మా షాపులో కావాల్సింది మూడు పదాలు: మొత్తం, బాకీ, తగ్గింపు. కస్టమర్ తెర వైపు చూసినప్పుడు ఆ మూడూ తెలుగులో కనిపిస్తే చాలు. అప్పుడు అక్షరాలు అక్కర్లేదు, పదాన్ని బొమ్మగా పెట్టొచ్చు. గింప్ అనే బొమ్మల ఎడిటర్‌లో "మొత్తం" అని టైప్ చేసి, అంచులు మసకబారకుండా నలుపు తెలుపులో 80 బై 32 చుక్కల్లోకి తెచ్చి, చేత్తో శుభ్రం చేశాను. త కింది ఒత్తు స్పష్టంగా రావడానికి ఒక్కదానికే గంట పట్టింది. ఆ బొమ్మని నిలువుగా ఐదు ముక్కలు చేసి ఐదు గ్లిఫ్‌లుగా పెట్టాను. బాకీకి నాలుగు, తగ్గింపుకి ఆరు. మొత్తం 15 గ్లిఫ్‌లు.

వీటికి పట్టికలో కోడ్ కూడా అక్కర్లేదు. లినక్స్ కన్సోల్‌లో 61440 నుంచి 61951 వరకు ఉన్న కోడ్‌లు నేరుగా ఫాంట్‌లోని స్థానాన్నే చూపిస్తాయి. గ్లిఫ్ 400వ స్థానంలో ఉంటే 61840 అని ప్రింట్ చేస్తే అదే వస్తుంది. వరుసగా ఐదు కోడ్‌లు పంపితే తెర మీద "మొత్తం" అతుకు కనిపించకుండా వచ్చింది. గుమాస్తా గారు వేలు పెట్టి ముట్టుకుని చూశారు.

మీది నిజంగా పాత విజిఏ టెక్స్ట్ మోడ్ అయితే ఒక చిక్కు ఉంది. అక్కడ గడి వెడల్పు 9 చుక్కలు, తొమ్మిదోది ఖాళీ. ముక్కల మధ్య సన్నటి చీలికలు కనిపిస్తాయి. 192 నుంచి 223 వరకు ఉన్న స్థానాల్లో మాత్రం ఎనిమిదో చుక్కే తొమ్మిదిలోనూ రిపీట్ అవుతుంది, డబ్బా గీతలు కలవాలని అలా పెట్టారు. పదం ముక్కలని అక్కడ పెట్టండి. ₹ ని మాత్రం ఆ స్థానాల్లో పెట్టి కుడి అంచు నింపకండి, తోక సాగుతుంది.

ఈ కోడ్‌లని తెరకి మాత్రమే పంపండి. డేటా ఫైల్‌లో రాయకూడదు, ప్రింటర్‌కి పంపకూడదు. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌కి తన సొంత ఫాంట్ ఉంటుంది, మనం దిద్దినది దానికి తెలియదు. నేను ఇది ఆలోచించక మొదటి రోజు పదకొండు బిల్లుల మీద ₹ బదులు పిచ్చి గుర్తులు ప్రింట్ చేయించాను, అన్నిటి మీదా పెదనాన్న పెన్నుతో "రూ." అని రాసి ఇచ్చారు. ఇప్పుడు ప్రింట్‌కి వెళ్లే ముందు ప్రోగ్రామే ఆ గుర్తుని ఇంగ్లిష్ అక్షరాల్లోకి మారుస్తుంది.

మీ మానిటర్ రిజల్యూషన్, ఇప్పుడు వాడుతున్న ఫాంట్ పేరు రాయండి. 16 బై 32 ₹ గడి, ఆ మూడు పదాల ముక్కలు నా దగ్గర టెక్స్ట్‌గా ఉన్నాయి, ఇక్కడే కింద పెడతాను.