ఎర్రనేలకు ముందు మంద పెట్టించండి, తర్వాత మాట్లాడదాం

“వెనకబడిన ప్రాంతాల్లో నేల సారం పెంచితే ఆకలి తగ్గుతుందంటారు. అది నిజంగా జరిగే పనేనా? సేద్యం తెలిసినవాళ్లు చెప్పండి” అని కదా అడిగారు. జరిగే పనే. మాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం దగ్గర పల్లె, 6 ఎకరాల ఎర్రనేల. ఒక బోరు కూడా ఉంది, నీళ్లున్నాయా అని మాత్రం అడక్కండి. నేను చెప్పబోయేది యూరియా సంగతి కాదు, గొర్రెల సంగతి. ఎరువు కోసం గొర్రెల గుంపును రాత్రిళ్లు చేన్లో నిలపడాన్ని మేం మంద పెట్టడం అంటాం. ఇష్టం లేనివాళ్లు ఇక్కడే ఆపేయొచ్చు.

మా జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. సగటు అన్నమాటంత పెద్ద అబద్ధం మా ఊళ్లో ఇంకోటి లేదు. ఒక ఏడు మూడు రోజుల్లో మొత్తం కురిసి చెరువు కట్ట తెంపుతుంది, ఇంకో ఏడు మబ్బు చూపించి మొగం చాటేస్తుంది. నేల జానెడు లోతు, కింద గరుసు. అందులో మా నాయన కాలం నుంచి చెనిక్కాయే. మీరు వేరుశనగ అంటారు, మేం బుడ్డలంటాం.

“పప్పుజాతి పైరు కదా, వేళ్ల బుడిపెల్లో నత్రజని పడుతుంది కదా, నేలకు బలమే కదా” అంటాడు మా అక్క కొడుకు. వ్యవసాయ డిగ్రీ చదివినాడు. ఒరే అల్లుడూ, నువ్వెప్పుడైనా చెనిక్కాయ పీకినావా? చెట్టును వేరుతో సహా లాగుతాం. కాయ వలుచుకుంటాం. కట్టె వామి వేస్తాం, లేదంటే పాడి ఉన్నవాడికి అమ్ముతాం. ఆకు పాయె, కాడ పాయె, వేరు పాయె. నేలకు మిగిలేది గుంత. ఏళ్ల తరబడి ఇట్లా పీక్కుంటూ వచ్చి, ఇప్పుడు దిగుబడి తగ్గిందని మందుల అంగడి ముందు నిలబడితే అంగడాయన ఏం చేస్తాడు?

అంగడి మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తా. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలని బస్తా మీదే అచ్చేసి ఉంటుంది. ఆ ధరకు నా చేతికి ఎప్పుడైనా వచ్చిందా? “దీంతోపాటు నానో యూరియా సీసా తీసుకోవాల, లేకపోతే స్టాకు లేదు” అంటారు. సీసా వద్దంటే బస్తా మాయం. ఆ సీసాలు మా ఇంటి అటక మీద వరసగా కూర్చొని ఉన్నాయి, బొమ్మల కొలువు మాదిరి. యూరియా పనికిరాదని నేననడం లేదు. అందులో 46 శాతం నత్రజని, పదును, అంటే నేలలో తడి, ఉన్నప్పుడు వేస్తే పైరు నాలుగు రోజుల్లో పచ్చగా తిరుగుతుంది. పదును లేని ఎర్రనేల మీద చల్లితే మాత్రం పైరుకు అందక కొంత గాలికి పోతుంది. మాకు వాన ఎట్లా పడుతుందో పైన చెప్పినాను.

ఇంక మంద కథ. నాలుగేళ్ల కిందట, ఉగాది దాటినాక. అంతకు ముందు మా ఇంట్లో రెండు ఎద్దులు, మూడు ఆవులు, వాకిట్లో పేడ దిబ్బ ఉండేవి. ఎండాకాలం వస్తే బండ్లకు ఎత్తి చేనికి తోలేవాళ్లం. ట్రాక్టరు వచ్చినాక ఎద్దులు పోయినాయి, మేత లేక ఆవులు పోయినాయి, దిబ్బ ఉన్న చోట ఇప్పుడు మోటారుబైకు నిలుపుతున్నాం. అది ఎరువు పెట్టదు కదా. అందుకని రాయదుర్గం వైపు నుంచి జీవాలు, అంటే గొర్రెలు, తోలుకొచ్చే ఒక పెద్దాయన్ను పట్టుకున్నా. 350 జీవాలు. మూడు రాత్రులు నా చేన్లో మంద పెట్టాలి, రాత్రికి 700 రూపాయలు, ఇద్దరికి సంగటి.

మొదటి రాత్రి నేనే రాగిసంగటి, ఊరిబిండి మూట కట్టుకొని పోయినా. నాలుగు పక్కలా గూటాలు కొట్టి వల కట్టినాడు. లోపలికి తోలితే ఒకదాన్నొకటి ఆనుకొని పడుకున్నాయి. నడిరాత్రి దాటినాక ఆయన లేచి ‘హేయ్’ అని కేకేసి అన్నిటినీ లేపినాడు. నాకు నిద్ర చెడింది.

“ఎందుకు తాతా లేపుతావు? పండుకోనీ.”

“పండుకుంటే పోస్తాయా అప్పా? లేస్తేనే పోసేది. నువ్వు డబ్బులిచ్చింది పెంటికలకే అనుకుంటాండావా? సత్తువంతా ఉచ్చలో ఉండాది.”

నాకు నేల గురించి ఎవరైనా పాఠం చెప్పినారంటే అదే. అల్లుణ్ణి అడిగితే నిజమేనన్నాడు, నత్రజనీ పొటాషూ అందులోనే ఎక్కువంట. మరి నాలుగేళ్లు చదివి ఆ ముక్క నాకెందుకు చెప్పలేదురా అంటే నవ్వుతాడు.

రెండో రాత్రి వలను పక్కకు జరిపి కట్టినాడు, చూసుకొని వచ్చినా. మూడో రాత్రికి నేను లేను, బామ్మర్ది పెండ్లి, ధర్మవరం పోయినా. తెల్లారి వచ్చేసరికి మంద వెళ్లిపోయింది. పెద్దాయన ముందుగానే లెక్క తీసుకున్నాడు కాబట్టి మాట్లాడే పని కూడా లేకపోయె. వారం లోపల గుంటక తోలి పెంటికలు మట్టిలో కలిపేసినా. ఎండకు వదిలేస్తే సగం సారం పోతుందని తాత చెప్పినాడు.

జూన్ ఆఖర్లో తొలకరికి విత్తినా. ఆ ఏడు మంద పెట్టిన పక్కన బుడ్డలు మానేసి జొన్న సాళ్లు, మధ్యలో కంది, అలసంద, అనుము వేసినా. ఆగస్టులో బెట్ట పట్టింది. ఇరవై రోజులు చినుకు లేదు. ఒకరోజు గట్టు మీద నిలబడి చూస్తే చేన్లో రెండు నలుచదరాలు. గీత గీసినట్టు. మిగతా జొన్న పొద్దున పదకొండుకే ఆకు చుట్టుకుంటోంది, ఆ రెండు చదరాల్లో మాత్రం మధ్యాహ్నం మూడు దాకా ఆకు విప్పుకొనే ఉంది. నల్లగా, నిగనిగలాడుతూ. నీళ్లు ఒకటే, వాన ఒకటే, విత్తనం ఒకటే. అంగలు వేసి కొలిచినా, ఒక్కోటి 30 అంగలు ఇటు, 25 అంగలు అటు. వల కొలత.

రెండే ఉన్నాయి. మూడోది యాడ? వెతుకుతూ చూపు గట్టు దాటింది. అవతల మా చిన్నాయన కొడుకు చెనిక్కాయ చేన్లో, సరిగ్గా గట్టు వారగా, పచ్చగా ఒక చదరం. దిగి దాన్నీ కొలిచినా. 30, 25.

“అన్నా, ఈ తావు బాగా తిరిగిందే?” అని అడిగినా.

“దేవుని చలవ రా” అన్నాడు, తల ఎత్తకుండా కలుపు తీస్తూ.

నా పెండ్లి ప్రయాణం రాత్రి తాతకు ఇంకో రెండు వందలు ఎక్కువిచ్చి గట్టు దాటించుకున్నాడు. పంచాయితీ పెడితే సాక్షి ఎవరు, జొన్నా? చెనిక్కాయా? ఇప్పటికీ పండగలకు మాట్లాడుకుంటాం. చదరం సంగతి ఎత్తం.

సరే, ఆకలి దగ్గరికి వస్తా. ఆ ఏడు ఇంట్లోకి కందిపప్పు, అలసందలు, అనుములు సంక్రాంతి నుంచి దాదాపు ఐదు నెలలు కొనలేదు. నా చిన్నప్పుడు మా జేజి (అవ్వ) ధాత కరువు కథలు చెప్పేది, 1876లో మొదలై రెండేళ్లు ఈ సీమను నమిలేసిన కరువు. ఆమె చూసింది కాదు, వాళ్ల పెద్దలు చెప్పింది. ఆ ఆకలి ఇప్పుడు లేదు. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చినాక కడుపు నిండటానికి తిప్పలు తగ్గినాయి. ఇప్పటి ఆకలి వేరే రకం. తట్టలో అన్నం కుప్పగా ఉంటుంది, పక్కన పప్పు నీళ్లు. చేన్లో ఉన్నదంతా అమ్ముకునే పంటే, తినేది ఒక్కటీ లేదు. సారం చచ్చిన నేల ఒక్క పంటనే ఎట్లో ఈడ్చుకొస్తుంది. నాలుగు రకాలు కలిపి వేయాలంటే నేలలో తేమ నిలవాలి, తేమ నిలవాలంటే పెంట పడాలి. ఇది నా లెక్క. శాస్త్రవేత్తలు ఒప్పుకుంటారో లేదో వాళ్ల ఇష్టం.

అల్లుడు ఊరుకోడు. “మామా, ఆఫ్రికాలో మలావి అని దేశం ఉంది. 2005లో కరువు వచ్చినాక రాయితీ మీద ఎరువు, విత్తనం ఇచ్చినారు, మొక్కజొన్న బాగా పెరిగింది. శ్రీలంకలో 2021లో రసాయన ఎరువులు ఒక్కసారి బందు పెట్టినారు, నవంబరుకల్లా వెనక్కి తీసుకున్నా వరి పడిపోయింది. నీ గొర్రెలతో దేశానికి అన్నం పెడతావా?” అంటాడు. రెండూ నిజమే, కాదనను. శ్రీలంకవాళ్లు చేసింది ఎద్దును అమ్మిన రోజే ట్రాక్టరు కూడా అమ్మేసినట్టు. కానీ వాడే ఇంకో కథ చెప్పినాడు, అది మాత్రం నా పక్షం. ఆఫ్రికాలోనే బుర్కినా ఫాసో అనే దేశంలో యాకూబా సావడోగో అనే రైతు. గట్టిపడి చెక్కలైన బీడులో ఎండాకాలమే గుంతలు తవ్వి, ఒక్కో గుంతలో పెంట వేసి, వాన పడగానే జొన్న, సజ్జ విత్తేవాడు. పెంట వాసనకు చెదపురుగులు వచ్చి నేలను తొలిచి గుల్ల చేస్తే నీళ్లు లోపలికి దిగేవంట. ఊరివాళ్లు పిచ్చోడన్నారు. 2018లో ఆయనకు స్వీడన్‌వాళ్లు రైట్ లైవ్లీహుడ్ అనే పెద్ద బహుమతి ఇచ్చినారు. మా ఊళ్లో ఎవరైనా చెదపురుగుల్ని పొగిడితే బహుమతి కాదు, బెంగళూరు ఆస్పత్రికి తీసుకుపోతారు.

మట్టి పరీక్ష చేయించుకోమని కూడా కొందరు మీకు చెప్తారు. చేయించుకోండి, కానీ మట్టి మీరే తీయండి. ఎనిమిది పది చోట్ల జానెడు లోతు వి ఆకారంలో తవ్వి, అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి, అరకిలో మిగిలేదాకా తగ్గించాలి. మా చేనికి వచ్చినాయన బండి దిగలేదు. దారి పక్కన పిడికెడు తీసుకొని పోయినాడు. నా కాగితం, గట్టు అవతలి కాగితం అంకెలతో సహా ఒకటే వచ్చినాయి. ఆ చదరం సంగతి తెలిసినాక ఆ కాగితానికి ఎంత విలువ ఇవ్వాలో నాకు తెలుసు. చెనిక్కాయ వేసేవాళ్లయితే కాగితం లేకపోయినా పూత వచ్చి ఊడ (కాయ పట్టే కాడ) మట్టిలోకి దిగే సమయానికి ఎకరాకు 200 కిలోల జిప్సం వేసుకోండి, కాయ గట్టిపడుతుంది. దాంట్లో నాకు గొడవ లేదు.

ఈ ఏడు రేటు రాత్రికి 1,000 అంటున్నాడు తాత. అయిదు రాత్రులకు మాట్లాడుకున్నా, డబ్బులు మాత్రం ఆరో పొద్దున వల విప్పినాకే. ఆ వారంలో ఎవరి పెండ్లికీ రానని ఇంట్లో ముందే చెప్పేసినా. మంచం, టార్చిలైటు గట్టు మీద పెట్టుకున్నా.