పట్టు దొరకని అంతరిక్షంలో చిన్న ఉపగ్రహం పక్కకు ఎలా తిరుగుతుంది?

అనంతపురం వైపు పొలాల్లో బోరు మోటారు స్విచ్ వేయగానే పైపు ఒక్క కుదుపుతో మెలితిరగబోవడం చూసే ఉంటారు. లోపలి ఇరుసు ఒకవైపు తిరిగితే మోటారు ఒళ్లు రెండోవైపు తిరగజూస్తుంది. నేల మీద అది పీడే. అంతరిక్షంలో మాత్రం పని జరిగేదే దానివల్ల.

పది సెంటీమీటర్ల పెట్టెలాంటి క్యూబ్‌శాట్‌లోనూ మూడు దిశలకు మూడు చిన్న చక్రాలు అమర్చవచ్చు. చక్రం వేగం పెంచితే ఉపగ్రహం ఎదురు దిశలో మెల్లగా తిరుగుతుంది, తగ్గించి మునుపటి వేగానికి తెస్తే ఆగిపోతుంది. చుక్క ఇంధనం ఖర్చు కాదు, సౌర ఫలకాల కరెంటు చాలు.

చిక్కల్లా మరోచోట ఉంది. సూర్యకాంతి ఒత్తిడి, పలచని గాలి ఉపగ్రహాన్ని అదేపనిగా ఒకే వైపు నెడుతుంటే, తట్టుకోవడానికి చక్రం వేగం పెంచుకుంటూ పోవాలి. దానికీ ఒక హద్దుంది. అప్పుడు విద్యుదయస్కాంత తీగచుట్టలు భూమి అయస్కాంత క్షేత్రాన్ని ఊతగా తీసుకుంటాయి, ఈలోగా చక్రాన్ని నెమ్మదింపజేస్తారు.

చక్రాలే చెడితే? నాసా కెప్లర్ టెలిస్కోపు (ఇది చిన్నదేమీ కాదు) నాలుగు చక్రాల్లో ఒకటి 2012లో, మరొకటి 2013లో పాడయ్యాయి. మిగిలిన రెండింటితో, తనను నెట్టే సూర్యకాంతినే ఆసరా చేసుకుని, అది 2018 దాకా పనిచేసింది.