నల్లమెడ కొంగకు కావాల్సింది బోర్డు కాదు, గూటి చుట్టూ నీళ్లు

“లదాఖ్ చిత్తడి నేలలకు రామ్‌సర్ గుర్తింపు వచ్చింది కదా, ఇక నల్లమెడ కొంగకు ఢోకా లేనట్టేనా?” అని ఒకరు అడిగారు. రామ్‌సర్ అంటే ముఖ్యమైన చిత్తడి నేలల్ని కాపాడుకోవడానికి దేశాలు చేసుకున్న ఒప్పందం. ఆ జాబితాలో చేరినా ఢోకా ఉందండీ. మాది గుంటూరు. ఆర్మీలో డ్రైవరుగా రెండు వేసవులు లదాఖ్‌లోని హాన్లే వైపు పనిచేశాను. ఆ పక్షికి అక్కడ మొదటి శత్రువు కుక్క. ఎవరు కాదన్నా ఒప్పుకోను.

హాన్లే 14 వేల అడుగుల ఎత్తులో ఉంటుంది. చుట్టూ బోడికొండలు, మధ్యలో పచ్చటి బురద నేల. మా దారి పక్కనే ఒక జత, మడుగు మధ్యలో మట్టిదిబ్బ మీద గూడు పెట్టుకుంది. మనిషి గుండెల దాకా వచ్చే పక్షి. బూడిద కలిసిన తెల్లటి ఒళ్లు, నల్లటి మెడ, నెత్తిన ఎర్రమచ్చ. పెట్టేది రెండు గుడ్లు. నెల రోజులు ఆడా మగా వంతులేసుకుని పొదుగుతాయి. రోజూ బండి ఆపి ఓ నిమిషం చూసి పోయేవాణ్ణి.

ఆ జూన్‌లో మడుగు తగ్గిపోయింది. మోకాటి లోతు నీళ్లుండేచోట పాదం కూడా మునగడం లేదు. ఆ నీళ్లే దాని కోట. ఒక తెల్లవారుజామున రెండు కుక్కలు బురదలో దిగి వస్తున్నాయి. జతలో ఒకటి రెక్కలు విప్పి ముందుదాని మీదికి ఉరికింది. ఆ సందులో రెండో కుక్క వెనక నుంచి గూడెక్కేసింది. హారన్ కొట్టి, బండి దిగి అరుస్తూ పరుగెత్తాను. అంత ఎత్తులో ఇరవై అడుగులకే ఊపిరి అందదు. గూడెక్కిన కుక్క నన్ను చూసి తోక ఊపుకుంటూ నా దగ్గరికే వచ్చింది. చెవి చిరిగిన గోధుమరంగు కుక్క. మూతి నిండా పచ్చసొన. రోజూ రాత్రి లంగర్ (మా క్యాంపు వంటశాల) వెనక మిగిలిన చపాతీలు దానికి వేసింది నేనే.

గొర్రెలు కాసే చాంగ్పా తెగ పెద్దాయన ఒకాయన వచ్చి చూసి, “ఈ ఏడాదికి దీనికి ఇక పిల్ల లేదు” అన్నాడు. అక్కడి వేసవి అంత పొట్టిది. పిల్ల ఎగరడానికే మూడు నెలలు పడుతుంది.

మోటారు సైకిళ్లేసుకుని ఫొటోల కోసం ఆ పచ్చిక మీద చక్రాలు తిప్పేవాళ్లని చూస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. క్యాంపుల ఎంగిలి ఆరుబయట పారేస్తే కుక్కలు పెరగక ఏమవుతాయి? మడుగుకి వచ్చే నీటిని చూసుకోవాలి, ఎంగిలి గుంటలో పూడ్చాలి, కుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించాలి. ఇవి చేయకుండా గుర్తింపు ఒక్కటే కాపాడదు. మన కొల్లేరూ లదాఖ్ త్సో మోరీరీ సరస్సూ ఒకే రోజు, 2002 ఆగస్టు 19న, రామ్‌సర్ జాబితాలో చేరాయి. నాలుగేళ్లు తిరక్కుండానే 2006లో కొల్లేట్లో అక్రమంగా తవ్విన చేపల చెరువుల గట్లు పేల్చాల్సి వచ్చింది. ఆ తర్వాత మళ్లీ చెరువులు తవ్వారు.

మా గుంటూరు పక్కన ఉప్పలపాడు చూడండి. ఊరి చెరువులో, తుమ్మచెట్ల మీద గూడబాతులు పిల్లలు చేసుకుంటాయి. చెట్ల కింద నీళ్లున్నంత కాలం కుక్క అటు పోలేదు.

మొన్న మనవణ్ణి అక్కడికి తీసుకెళ్తే గట్టు మీద కుక్కకు బిస్కెట్ వేయబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. “పాపం తాతా, ఆకలేస్తోంది దానికి” అన్నాడు. “మన వీధిలో కుక్కకు పెడదువుగానిరా, ఇక్కడొద్దు” అన్నాను.