ప్యానెల్ ఉన్నా చీకటేనా?

కరెంటు కబుర్లు: మీ ప్రశ్నలకు రిటైర్డ్ లైన్‌మన్ జవాబులు

ప్రశ్న: మా నాన్నగారు పోయినేడు మేడ మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించారు. మొన్న గాలివానకి ఊళ్లో కరెంటు పోతే మాకూ పోయింది. మర్నాడు ఎండ కాస్తున్నా ఫ్యాను తిరగలేదు! అప్పట్నుంచి ఇంట్లో సోలార్ అంటే వెటకారం. కాలేజీ పర్యావరణ ర్యాలీకి వెళ్తానంటే, ‘అట్టముక్క పట్టుకుని తిరిగితే ఎండ తగ్గుతుందా?’ అంటున్నారు. నిజంగా వీటితో వాతావరణ మార్పు ఆగుతుందా?
– ప్లస్ టూ విద్యార్థిని, పర్లాకిమిడి

జవాబు: ముందు ఫ్యాను సంగతి తేల్చేద్దాం తల్లీ. లేకపోతే మీ నాన్నగారు మిగతాది చదవరు.

మీది బ్యాటరీ లేకుండా వీధి లైనుకి కలిపిన ఆన్‌గ్రిడ్ సోలార్ అయ్యుంటుంది. వీధి లైన్లో కరెంటు పోగానే దాని ఇన్వర్టరు, అంటే ప్యానెల్ కరెంటుని ఇంటి కరెంటుగా మార్చే పెట్టె, తనంతట తానే ఆగిపోతుంది. చెడిపోయి కాదు, అలా ఆగేలాగే తయారుచేస్తారు. ఎందుకో నా అరచేతిని అడగాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక, పడిపోయిన స్తంభాలు నిలబెట్టడానికి మమ్మల్ని మీ ఊరివైపే పంపారు. మూడో రోజు సాయంత్రం. సబ్‌స్టేషన్లో లైను ఆపించుకునే స్తంభం ఎక్కాను. అలసిపోయి ఎర్తింగ్ (తీగని నేలకి కలపడం) వేయలేదు, ఆ తప్పు నాదే. తీగ ముట్టుకోగానే విసిరికొట్టింది. నడుముకి బెల్టు ఉండబట్టి వేలాడుతూ ఉండిపోయాను. ఆ వీధిలో ఒకాయన, ఇంటిని వీధి లైను నుంచి విడదీసే చేంజోవర్ స్విచ్ లేకుండా జనరేటర్ నడుపుతున్నాడు. ఆయనింట్లో పుట్టిన కరెంటు వెనక్కి లైన్లోకి వచ్చేసింది. చింతగింజంత మచ్చ ఇప్పటికీ ఉంది. ఇన్వర్టరు ఆగకపోతే మీ సోలార్ కరెంటూ ఇలాగే లైన్లోకి వచ్చేది. అందుకే మీ ఇన్వర్టరు ఆగినప్పుడల్లా, ఎక్కడో స్తంభం మీదున్నవాడు బతికి ఇంటికెళ్తున్నాడని అనుకోమనండి. తుఫానులోనూ ఫ్యాను తిరగాలంటే బ్యాటరీతోనూ పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టరు, బ్యాటరీ కావాలి. ఖర్చు బాగానే పెరుగుతుంది.

ఇక నీ ప్రశ్న. మీ ప్యానెళ్లు మంచి ఎండ రోజున 12 యూనిట్ల దాకా ఇస్తాయి. థర్మల్ కేంద్రంలో ఒక్కో యూనిట్‌కి ముప్పావు కిలోకి కాస్త తక్కువగా బొగ్గు కాలుతుంది. అంటే అలాంటి రోజున మీ మేడ ఎనిమిది కిలోల బొగ్గు మిగులుస్తోంది, ఒక చిన్న తట్టెడు. వెటకారం చేసే లెక్క కాదిది. కానీ సాయంత్రం ఏడింటికి ఊరంతా టీవీలు, ఫ్యాన్లు వేస్తుంది. అప్పటికి ప్యానెల్ పడుకుంటుంది, మీ ఇంటికీ బొగ్గు కరెంటే వస్తుంది. 2025లో దేశంలోని విద్యుత్ సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్ వంటివి కాని వాటిదైందని పేపర్లు రాశాయి. నిజమే. అయినా పుట్టే యూనిట్లలో సుమారు 70 శాతం ఇంకా బొగ్గువే. సామర్థ్యమంటే ఎంత పుట్టించగలమో, యూనిట్లంటే నిజంగా ఎంత పుట్టిందో; రెండూ వేరు. ఈ తేడా దాచి మాట్లాడేవాళ్లంటే నాకు చిరాకు.

అట్టముక్క సంగతికొస్తే, జనం అడిగితే ఏమవుతుందో నియమగిరి కొండ చెబుతుంది, అది మనకేమీ దూరం కాదు. 2013లో సుప్రీంకోర్టు చెప్పిన మీదట రాయగడ, కలహండి జిల్లాల్లో 12 పల్లీ సభలు (గ్రామసభలు) జరిగాయి. పన్నెండింటిలోనూ బాక్సైట్ (అల్యూమినియం తీసే ఖనిజం) తవ్వకం వద్దన్నారు. కొండ మిగిలింది. అక్కడి గిరిజనులు డొంగరియా కొంధులు వాతావరణ మార్పు అనుకుని చేయలేదది, తమ కొండదేవుడు నియమరాజు కోసం, ఊటల కోసం చేశారు. కానీ చూడు, ఒక టన్ను అల్యూమినియం తీయడానికి సుమారు 14 వేల యూనిట్లు కావాలి, మన ఒడిశాలో అదీ ఎక్కువగా బొగ్గు కరెంటే. ఇప్పుడు మేడెక్కి ప్యానెల్ అంచు తట్టి చూడు. ఆ ఫ్రేము అల్యూమినియమే! ఈ చిక్కుముడి నాకూ విడలేదు. మాచ్‌ఖండ్ జలవిద్యుత్తుకి పొగ లేదు, దాని జలాశయం కోసం మాత్రం ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఏ కొండ తవ్వాలో, ఎవరి పొలంలో ప్యానెళ్లు పరవాలో ఇన్వర్టరు చెప్పదు కదా. అది జనం అడగాల్సిందే.

కాబట్టి ర్యాలీకి వెళ్లు. కాకపోతే ‘భూమిని కాపాడండి’ అని రాయకు, ఎవరిని అంటున్నావో ఎవరికీ అర్థం కాదు. ‘కాలేజీ మేడ మీద ప్యానెళ్లు ఎప్పుడు పెడతారు?’ అని రాసి ప్రిన్సిపాల్ గారి చేతికివ్వు. కుదరదంటే ఎందుకో కాగితం మీద ఇమ్మను.

ఆగుతుందా అంటే, బొగ్గు, పెట్రోలు పొగ పూర్తిగా నిలిచిననాడు వేడి పెరగడం దాదాపుగా ఆగుతుంది. ఇప్పటికే పెరిగింది మాత్రం మన జన్మలో దిగదు, గాలిలో చేరిన కార్బన్ డయాక్సైడ్ వందల ఏళ్లు ఉంటుంది. ‘ఎండ తగ్గుతుందా’ అన్న మీ నాన్నగారి మాట ఆ మేరకు నిజం.

ఆయనకో మాట. ప్యానెళ్లు పొద్దున్నే, ఎండెక్కక ముందే మామూలు నీళ్లతో కడగాలి. కాగిన గాజు మీద చన్నీళ్లు పోయకూడదు. ఒక్క మూల కాకి రెట్ట పడినా దిగుబడి తగ్గుతుంది. ఫిబ్రవరి, మే నెలల సోలార్ మీటరు రీడింగులు పక్కపక్కన రాసి నాకు పంపమను. ఎండ అంత ముదిరినా యూనిట్లు ఆ లెక్కన ఎందుకు పెరగవో వచ్చే సంచికలో చెబుతాను.